కీటోనా, కార్బ్సా? లాంగ్ రన్నింగ్, సైక్లింగ్ చేసేవాళ్ళకి ఏది మేలు?

కీటో అంటే కార్బ్స్ (అన్నం, రొట్టె, చక్కెరల్లో ఉండే పిండిపదార్థాలు) బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినడం. అది మొదలుపెట్టిన రన్నర్లు అందరూ చెప్పే లెక్క ఒకటే. ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచుకునే కార్బ్స్ కండరాల్లో ఒక 400-500 గ్రాములు, లివర్‌లో ఇంకో 100 గ్రాముల దాకా, అంతా కలిపితే 2000 కేలరీలు కాస్త అటూఇటూ, అదే కొవ్వయితే బక్కపల్చగా ఉన్న మనిషిలో కూడా వేలకి వేల కేలరీలు ఊరికే మూలుగుతుంటాయి, మరి అంత నిల్వ పెట్టుకుని ఆ కొంచెం మీద ఎందుకు ఆధారపడాలి అని. 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు మొరాయించి నడక పట్టిన ఎవరికైనా ఈ మాట వింటే ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది.

ఇందులో అబద్ధం కూడా ఏం లేదండి. రోజుకి 50 గ్రాముల లోపు కార్బ్స్‌తో కొన్ని వారాలు ఉంటే ఒళ్ళు నిజంగానే కొవ్వుకి అలవాటు పడిపోతుంది. 2016లో అమెరికాలో జెఫ్ వోలెక్ అనే పరిశోధకుడి టీమ్ 20 మంది అల్ట్రా రన్నర్లు (మారథాన్ కన్నా ఎక్కువ దూరం పరిగెత్తేవాళ్ళు), ఐరన్‌మ్యాన్ (ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన పెద్ద పోటీ) చేసేవాళ్ళని పరీక్షిస్తే, చాలాకాలంగా లో కార్బ్ మీద ఉన్నవాళ్ళు గరిష్ఠంగా నిమిషానికి 1.54 గ్రాముల కొవ్వు వాడుకున్నారు, కార్బ్స్ తినేవాళ్ళు 0.67 దగ్గరే ఆగిపోయారు. రెట్టింపు కన్నా ఎక్కువన్నమాట.

కానీ అసలు చిక్కు ఇంధనంతో కాదు, ఆక్సిజన్‌తో, చాలామంది చూడనిది ఇక్కడే. ఒక లీటర్ ఆక్సిజన్‌తో కార్బ్స్ వాడితే దాదాపు 5 కేలరీలు వస్తాయి, అదే కొవ్వయితే 4.7. తేడా చిన్నదే అనిపిస్తుంది, మెల్లగా పరిగెత్తేటప్పుడు నిజంగా చిన్నదే, ఎందుకంటే ఇంకొంచెం గాలి పీల్చుకుంటే సరిపోతుంది. గట్టిగా పరిగెత్తేటప్పుడు మాత్రం గుండె, ఊపిరితిత్తులు అప్పటికే వాటి హద్దు దగ్గర పనిచేస్తుంటాయి, ఇంక అదనంగా ఆక్సిజన్ ఎక్కడినుంచి తేవాలి? స్పీడ్ తగ్గించుకోవాల్సిందే.

దీన్ని లూయిస్ బర్క్ అనే పరిశోధకురాలి టీమ్ ఆస్ట్రేలియాలో రేస్ వాకర్ల (వేగంగా నడిచే పోటీల అథ్లెట్లు) మీద చూపించింది, 2017లో వచ్చిన స్టడీ. వాళ్ళు మామూలు వాళ్ళు కాదు, అంతర్జాతీయ స్థాయి అథ్లెట్లు. మూడు వారాల గట్టి ట్రైనింగ్, కొందరికి ఎప్పుడూ ఎక్కువ కార్బ్స్, కొందరికి ట్రైనింగ్‌ని బట్టి మార్చి ఇచ్చే కార్బ్స్, కొందరికి కీటో. ఫిట్‌నెస్ మూడు గ్రూపుల్లోనూ పెరిగింది. 10 కిలోమీటర్ల రేస్‌లో మాత్రం మొదటి గ్రూపు టైమ్ సగటున 6.6 శాతం, రెండోది 5.3 శాతం మెరుగైంది, కీటో గ్రూపు ట్రైనింగ్‌కి ముందు కన్నా 1.6 శాతం వెనకపడింది. అంత కష్టపడి ట్రైనింగ్ చేసి ఆ ఫలితం చేతికి రాకపోవడం నాకు చాలా బాధగా అనిపించింది. అదే టీమ్ మళ్ళీ కొత్తగా చేసి 2020లో చూపించినా అదే కథ.

అంటే కీటో పనికిరాదనా? అలా కాదు. 1983లో స్టీఫెన్ ఫిన్నీ అనే పరిశోధకుడు అయిదుగురు సైక్లిస్టులని నాలుగు వారాలు కీటోలో పెట్టి ఒక మోస్తరు వేగంలో అలసిపోయేదాకా తొక్కిస్తే, ముందు సగటున 147 నిమిషాలు, తర్వాత 151. పోయిందేమీ లేదు. కాకపోతే ఆ సగటు వెనక ఒకరికి బాగా పెరిగింది, కొందరికి తగ్గింది, అందుకే పక్కవాడికి పడింది కదా అని మనకీ పడుతుందనుకోవద్దు. రోజంతా ఒకే నిదానంలో సాగే అల్ట్రాలకి ఇది నప్పొచ్చు. పైగా అక్కడ కార్బ్స్ తినేవాళ్ళ అసలు శత్రువు కడుపు. గ్లూకోజ్ ఒక్కటే అయితే గంటకి 60 గ్రాముల దాకానే పేగు తీసుకోగలదు, ఫ్రక్టోజ్ కలిపితే 90 దాకా వెళ్ళొచ్చు కానీ దానికి కడుపుకి కూడా ట్రైనింగ్ కావాలి, లేకపోతే వాంతులు, విరేచనాలు. కీటో వాళ్ళకి దారిలో అంత తినాల్సిన పని ఉండదు, ఇది నిజమైన లాభం.

మరి రోజూ కీటోలో ఉండి రేస్ ముందు రోజు కార్బ్స్ లోడ్ చేస్తే, అంటే బాగా తిని నిల్వ నింపుకుంటే రెండూ దక్కుతాయి కదా అని అడుగుతారు. అదీ అంత తేలిక కాదు. కొవ్వుకి అలవాటు పడ్డ కండరంలో కార్బ్స్‌ని వాడుకునే దారి మందగిస్తుంది, పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ పని తగ్గుతుంది, ట్యాంక్ నిండుగా ఉన్నా పైపు సన్నబడినట్టు. 2006లో సైక్లిస్టులు 6 రోజులు కొవ్వు ఎక్కువ తిని ఒక రోజు కార్బ్స్ లోడ్ చేసి 100 కిలోమీటర్లు తొక్కితే, మధ్యలో వచ్చే 1 కిలోమీటర్ స్ప్రింట్‌లలో పవర్ పడిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు, చివర్లో ఎవరినైనా దాటేటప్పుడు కావాల్సింది అదే కదా.

నన్నడిగితే 10కే నుంచి మారథాన్ దాకా టైమ్ కోసం పరిగెత్తేవాళ్ళు పూర్తి కీటో జోలికి పోవద్దు, గట్టి సెషన్లకి, రేస్‌కి కార్బ్స్ నిండుగా తిని, తేలికైన రోజుల్లో కొన్ని పరుగులు తక్కువ కార్బ్స్‌తో చేసుకోండి, నేను అదే చేస్తున్నా. మెల్లగా 100 కిలోమీటర్లు, పైన చేసేవాళ్ళు కీటో ట్రై చేయాలనుకుంటే సీజన్ అయిపోయాక మొదలుపెట్టండి, మొదటి వారాల్లో నీళ్ళు, ఉప్పు ఒంట్లోంచి బాగా పోతాయి, నీరసం, తలనొప్పి వస్తాయి, ఉప్పు సరిపడా తీసుకోండి, రేస్ దగ్గరపడ్డాక మాత్రం అస్సలు మొదలుపెట్టొద్దు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు, షుగర్‌కి గ్లిఫ్లోజిన్ రకం (పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే) మాత్రలు వాడేవాళ్ళు అయితే డాక్టర్‌ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు, కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్లు పేరుకుపోయి ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) షుగర్ రీడింగ్ పెద్దగా పెరక్కుండానే వచ్చేయొచ్చు.