రెండు భాషల్లో పాఠం చెప్పే టీచర్లకి నెల్లూరులో పెట్టే ట్రైనింగ్: పోవచ్చా వద్దా

నెల్లూరు టౌన్లో ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక హాల్లో ఆదివారాలు టీచర్లకి ట్రైనింగ్ ఇస్తా ఉండారు, తెలుగు ఇంగ్లీషు రెండూ వాడి పాఠం ఎట్ట చెప్పాలి అని. రిటైరైన లెక్చరర్లు కొంతమంది కలిసి నడిపేది, గవర్నమెంటుది కాదు, ఫీజు కట్టుకుని పోవాల్సిందే. మా స్కూల్ కాంప్లెక్స్‌లో అందరూ ఎట్టుంది ఎట్టుంది అని అడగతా ఉంటే ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడే మొత్తం రాస్తున్నా. హైస్కూల్లో సైన్సో లెక్కలో సోషలో చెప్పే వాళ్లయితే ఇంకేం ఆలోచించకుండా పోండి. ఒకటో తరగతి, రెండో తరగతి చెప్పే ఎస్జీటీలకి, అంటే ప్రైమరీ టీచర్లకి మాత్రం ఇప్పుడున్న పద్ధతిలో అంత పనికిరాదు, ఎందుకో కింద చెప్తా.

అసలు ఇట్టాంటి ట్రైనింగ్ మనకెందుకు అనే వాళ్లకి ఒక్క మాట. 2019 నవంబరులో గవర్నమెంటు బడుల్లో ఇంగ్లీష్ మీడియం పెట్టమని జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, కేసు సుప్రీంకోర్టుకి పోయింది, ఈలోపు 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు పిలకాయల చేతికొచ్చేశాయి. నాకు ఆ పుస్తకాలంటే నిజంగా ఇష్టం, అయిదో క్లాసు దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లకి అది పెద్ద ఆసరా. కానీ ఆ రెండు పేజీల్నీ క్లాసులో ఏ వరసలో వాడాలి, ఎంతసేపు ఏ భాషలో మాట్లాడాలి అనేది మాకు కూర్చోబెట్టి చెప్పిన వాళ్లు లేరు, అందుకని ఎక్కువమంది క్లాసుల్లో జరిగేది ఏందంటే ఇంగ్లీషు వాక్యం ఒకటి చదవడం, ఎంబడే దానికి తెలుగు చెప్పేయడం, మళ్లీ ఇంకో వాక్యం. పిలకాయలు తెలివైనోళ్లు, ఎట్టాగూ తెలుగు వస్తది కదా అని ఇంగ్లీషు వాక్యం చదివేటప్పుడు చెవి పెట్టరు.

ఈ ట్రైనింగ్‌లో మొదట పట్టుకుంది సరిగ్గా ఈ అలవాటునే. వాళ్లు నేర్పించే పద్ధతికి ప్రివ్యూ, వ్యూ, రివ్యూ అని పేరు, అమెరికాలో స్పానిష్ ఇంగ్లీషు రెండూ నడిపే బడుల్లో చాలాకాలంగా వాడేదే. పీరియడ్ మొదట్లో కాసేపు పిల్లలకి బాగా వచ్చిన భాషలో విషయం మీద మాట్లాడించడం, తర్వాత అసలు పాఠం రెండో భాషలో, మధ్యలో అనువాదం లేకుండా, చివర్లో మళ్లీ ఇంటి భాషలో అర్థమైంది చెప్పించడం. వినడానికి చిన్న విషయం లాగుంటది గానీ మాచేత చేయించిన తీరు మాత్రం చాలా బాగుంది, నాకైతే కట్టిన డబ్బులు అక్కడే వచ్చేశాయి అనిపించింది.

ఆమ్లాలు క్షారాలు పాఠం తీసుకున్నారు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు బడుల్లో సగం మంది ఇళ్లల్లో రొయ్యల గుంటలతో పని, సొంతమో కౌలో కూలీయో. ఆ పిలకాయలకి పీహెచ్ అనే మాట బళ్లో చెప్పకముందే వచ్చు, సాలినిటీ, అంటే నీళ్లల్లో ఉప్పు ఎంతుందో, అదీ వచ్చు, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ ఎప్పుడు వెయ్యాలో వచ్చు. ట్రైనర్ సార్ మమ్మల్నే పిల్లల్లాగ కూర్చోబెట్టి తెలుగులో అడగడం మొదలుపెట్టాడు, గుంటలో పీహెచ్ పొద్దున ఎంత ఉంటది, మధ్యాహ్నం ఎంత ఉంటది, వాన కురిస్తే సున్నం ఎందుకు చల్లుతారు, తెల్లవారుజామున ఏరియేటర్ ఆగిపోతే రైతు ఎందుకు పరిగెత్తతాడు అని. పగలు నీళ్లలో ఉండే నాచు ఎండకి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరగద్ది, రాత్రంతా నీళ్లల్లో ఉండేవన్నీ ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదలతా ఉంటాయి కాబట్టి పొద్దుటికి తగ్గద్ది, ఆక్సిజన్ కూడా తెల్లారేలోపే బాగా పడిపోద్ది. ఇదంతా తెలుగులో అయిపోయాక ఇంగ్లీషు పేజీ తెరిపించాడు, అప్పుడు ఆ పేజీలో ఏదీ కొత్తగా లేదు, ఇంగ్లీషు ఒక్కటే కొత్త. బోర్డు మీద సగం సగం వాక్యాలు రాసి పెట్టాడు, వెన్ వుయ్ యాడ్ లైమ్, ద పీహెచ్ ఆఫ్ ద వాటర్ అని అక్కడ ఆపి మిగతాది పిల్లలు నింపాలి. మాట రాని పిల్లకి కూడా నోరు తెరవడానికి అది ఒక చెయ్యందించినట్టు ఉంటది. నేను మా ఏడో తరగతిలో అదే చేశా, ఎప్పుడూ వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునే పిల్లోడు లేచి వాళ్ల నాయన గుంట గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాడు. తప్పులుండాయి, ఉండనీ.

థియరీ భాగం కూడా బోరు కొట్టలేదు. జిమ్ కమిన్స్ అనే కెనడా ప్రొఫెసర్ 1979లో చెప్పిన తేడా ఒకటి వివరించారు, కొత్త భాషలో ఆటల్లో మాట్లాడుకునే మాటలు సుమారు రెండేళ్లలో వచ్చేస్తాయి, పాఠాలు చదివి అర్థం చేసుకుని రాసే భాషకి అయిదు నుంచి ఏడేళ్లు పడద్ది అని. మన తల్లిదండ్రులకి ఇది చెప్పాలి అసలు. ఎల్‌కేజీ నుంచి కాన్వెంటుకి పోయి గుడ్ మార్నింగ్ మేడమ్ అని గడగడా చెప్పే పిల్లోడికి మూడో తరగతిలో సోషల్ పాఠం ఎక్కట్లేదంటే పిల్లోడు మొద్దు అని కాదు గదా.

ఇంకో మంచి చర్చ, కెనడాలో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీషు ఇళ్ల పిల్లల్ని ఫ్రెంచి క్లాసులో పూర్తిగా ముంచేసి చదివించారు, అది సక్సెస్ అయింది. దాన్ని చూపించి మన దగ్గర కూడా మొదటి రోజు నుంచీ అంతా ఇంగ్లీషే పెట్టెయ్యొచ్చు అనే వాళ్లున్నారు. కానీ ఆ పిల్లల ఇంటి భాష ఇంగ్లీషు, దేశమంతా బలంగా ఉన్న భాష, ఇంట్లో పుస్తకాలుండాయి, ఆ భాష పోతుందన్న భయమే లేదు, టీచర్లకి ఫ్రెంచి బాగా వచ్చు, పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడితే వాళ్లకి అర్థమయ్యేది. మన ఊళ్లో కూలికి పోయే ఇంటి పాప పరిస్థితి అది కాదు. ఈ మాట ట్రైనర్ అంత స్పష్టంగా చెప్పడం నాకు బాగా నచ్చింది.

లెక్కల సెషన్ గురించి కూడా చెప్పాలి. ఒక పిల్ల మాటల లెక్క తప్పు చేస్తే లెక్క రాకనా, వాక్యం అర్థంకాకనా అని విడదీసి చూడమన్నారు. అదే లెక్కని తెలుగు పేజీ నుంచి ఇచ్చి చూడటం, అప్పుడు చేసేస్తే మనం పని చెయ్యాల్సింది ఇంగ్లీషు వాక్యం మీద, అప్పుడూ రాకపోతే లెక్క మీద. తప్పుకి మార్కు కోసేసి ఊరుకుంటే ఈ రెండూ ఎప్పటికీ తెలవవు. ఎదురెదురు పేజీలతో ఇద్దరిద్దరి చేత చేయించే పని కూడా చూపించారు, ఒకరు తెలుగు పేజీ, ఒకరు ఇంగ్లీషు పేజీ మూసి పెట్టుకుని బొమ్మకి పేర్లు రాసి తర్వాత పోల్చుకోవడం, అది ఏ సబ్జెక్టులో అయినా పనికొస్తది.

ఇంక బాగలేనివి. అమెరికా స్లైడ్లు మరీ ఎక్కువ. తొంభై పది మోడల్ అని, అంటే మొదట్లో స్పానిష్ లాంటి భాషలో తొంభై శాతం చెప్పి ఏడాదికింత తగ్గిస్తా నాలుగైదు తరగతులకి సగం సగం చెయ్యడం, యాభై యాభై మోడల్ అని, ఒక టీచర్ ఒక భాషే మాట్లాడాలని, ఒక పూటంతా దీని మీదే పోయింది. తెలుసుకోవడానికి బాగానే ఉంటది, ఒప్పుకుంటా. కానీ ఒకటి నుంచి అయిదు దాకా ఒక్క టీచరే చూసుకునే బడి నుంచి వచ్చిన మేడమ్ లేచి, నేను ఒక్కదాన్నే సార్, పొద్దున ఒక మనిషిని సాయంత్రం ఇంకో మనిషిని ఎట్ట అయ్యేది అని అడిగితే సమాధానం రాలేదు. ఆమె అడిగిందే అసలు ప్రశ్న, ఒంటి టీచర్ బడికి ఒక ప్లాన్ తయారుచేసి చూపించాల్సింది. చిన్న తరగతులకి అక్షరాలు నేర్పే పని ఎట్ట, తెలుగు రాయడం చదవడం ఎంతవరకు వచ్చాక ఇంగ్లీషు అక్షరాలకి పోవాలి అనేది పైపైన చెప్పి వదిలేశారు. ఎస్జీటీలకి అంత పనికిరాదు అన్నది ఇందుకే.

మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఒక సార్ ఇంకో మాట లేవదీశాడు, వాళ్ల బళ్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, వాళ్లకి తెలుగు పేజీ కూడా పరాయిదే కదా అని. ఉదయగిరి పక్క ఉర్దూ ఇళ్ల పిల్లల సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే గిరిజన భాషల్లో మొదలుపెట్టి తెలుగుకి నడిపించే బడులు పెట్టారు, ఆ అనుభవం చేతిలో ఉంది, దాన్నించి ఒక్క పాఠం అయినా ఈ ట్రైనింగ్‌లోకి తెస్తే ఎంత బాగుండు. ఇంటి భాష అంటే తెలుగే అని లెక్క వేసుకుని మొత్తం తయారు చేసినట్టుంది.

నాకు అన్నిటికంటే బాధగా అనిపించింది, అయిపోయాక ఎవరూ రారు. జాయిస్, షవర్స్ అని అమెరికాలో ఇద్దరు 1980ల్లోనే చెప్పారు, చెప్పడం, చేసి చూపించడం, చేయించడం వరకు ఆపేస్తే క్లాసులోకి పెద్దగా పోదు, తోడుండి చూసి సరిదిద్దే మనిషి ఉంటేనే నిలబడద్ది అని. ఈ మాట వాళ్ల స్లైడ్లోనే ఉంది! జాతీయ విద్యా విధానం 2020లో టీచర్‌కి ఏడాదికి 50 గంటల ట్రైనింగ్ అని పెట్టారు, గంటలు ఎట్టాగూ నిండుతాయి, కానీ మన క్లాసుకి ఒక్కసారి వచ్చి వెనక కూర్చుని, మేడమ్ ఇక్కడ మీరు తొందరపడి తెలుగులోకి పోయారు, ఇంకొంచెం ఆగి ఉండాల్సింది అని చెప్పే మనిషి ఉంటే ఆ ఒక్క గంట చాలా చేస్తది. అంతదూరం రాలేమంటే పక్క పక్క ఊళ్ల టీచర్లని జతలుగా కలిపి ఒకరి క్లాసు ఒకరు చూసుకునేటట్టు పెట్టినా సరిపోద్ది, ఖర్చు కూడా లేదు. నేను ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశా, మీరూ రాయండి, ఒకరిద్దరు రాస్తే పట్టించుకోరు.

మిగతావి చిన్న సంగతులు. ఫీజు మన జీతాలకి భారం కాదు, ప్రైవేటు స్కూళ్లలో చేసే వాళ్లకి మాత్రం ఎక్కువే, వాళ్లకి తగ్గించమని అడిగితే తగ్గిస్తా ఉండారు, మొహమాటపడకుండా అడగండి. మధ్యాహ్నం భోజనం బాగా పెట్టారు, పప్పు, వేపుడు, పులుసు, వేడి వేడిగా. ప్రింటు నోట్సులో పాఠం ప్లాన్లు ఉండాయి, దాచుకోదగ్గవి. మీరు చెప్పే క్లాసు రెండు భాషల పుస్తకం ఎంబడి తీసుకుపోండి, మా బ్యాచ్‌లో తేని వాళ్లు పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూస్తా కూర్చున్నారు. హాల్లో వెనక వరసలకి ఫ్యాన్ల చప్పుడుకి ఏమీ వినపడదు, తొమ్మిదిన్నరకల్లా పోయి ముందు కూర్చోండి.