లెడ్ ఫ్రీ ఏప్రాన్ (వెస్ట్, స్కర్ట్ సెట్): ఒక క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ రివ్యూ

భుజాల నొప్పి తగ్గింది, అందుకు ఐదుకి ఐదు స్టార్లు ఇవ్వొచ్చు. చంకల దగ్గర కుట్టిన తీరుకి ఒక్కటి కూడా ఇవ్వబుద్ధి కాదు. మొత్తం మీద మూడు.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో (ఎక్స్‌రేలో చూస్తూ గుండెకి పరీక్షలు, చికిత్సలు చేసే గది) టెక్నీషియన్‌ని. యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు, అప్పుడప్పుడు పేస్‌మేకర్లు. ఇన్నాళ్లూ ఎక్స్‌రే ఒంటికి తగలకుండా ల్యాబ్‌లో అందరం వాడే పాత లెడ్ (సీసం) ఏప్రానే వేసుకున్నాను. మెడ నుంచి మోకాళ్ల దాకా ఒకటే ముక్క, బరువంతా భుజాల మీదే. మధ్యాహ్నం కేసులు మొదలయ్యేసరికి మెడ పట్టేసేది. చివరికి సొంత డబ్బులు పెట్టి ఇది కొన్నాను: పైన వెస్ట్, కింద పరికిణీలా చుట్టుకునే స్కర్ట్. ఇరవై వేలకి కాస్త అటూ ఇటూ పడింది. లోపల సీసం ఉండదు, బిస్మత్, యాంటిమొనీ కలిపిన షీట్ ఉంటుంది.

స్కర్ట్ నడుముకి గట్టిగా బిగిస్తే బరువులో చాలా భాగం తుంటి మీదికి దిగిపోతుంది. మా ఆయా దాన్ని హ్యాంగర్‌కి తగిలిస్తూ "ఇంత తేలిగ్గా ఉందేంటమ్మా, ఇది ఆపుతుందా?" అంది. సేల్స్ కుర్రాణ్ని నేనూ అదే అడిగాను. "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్" అన్నాడు. హండ్రెడ్ పర్సెంట్ ఏదీ ఆపదు.

లేబుల్ మీద 0.25 మిల్లీమీటర్ల సీసంతో సమానం అని ఉంది. ముందు వైపు రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి పడితేనే అది 0.5 అవుతుంది. అంటే సైజు బిగుతుగా ఉండి అంచులు సరిగ్గా కలవకపోతే, మీరు డబ్బు పెట్టింది 0.5కి, ఒంటి మీద ఉన్నది 0.25. అది కూడా పేషెంట్ వైపు తిరిగి ఉండే ఛాతీ దగ్గర. ల్యాబ్‌లో మనకి తగిలేదంతా దాదాపు పేషెంట్ ఒంటి మీద పడి చెదిరి వచ్చే స్కాటరే కాబట్టి ముందు వైపే ముఖ్యం. లెడ్ ఫ్రీ కొనేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. ఈ షీట్లు అన్ని కేవీల (ఎక్స్‌రే ఎంత బలంగా రావాలో నిర్ణయించే వోల్టేజీ) దగ్గరా సీసంలా ఒకే తీరుగా పనిచేయవు, పైగా తామే కొంచెం ఎక్స్‌రేని తిరిగి వెదజల్లుతాయి. పాత పద్ధతి టెస్టులో అది లెక్కలోకి రాదు. లేబుల్ మీద ఐఈసీ 61331-1, 2014 (దాన్నీ లెక్కలోకి తీసుకునే అంతర్జాతీయ ప్రమాణం) అని ఉంటే కొంత నమ్మొచ్చు. నాదాని మీద ఉంది.

మా పెద్దత్త ఫోన్ చేసినప్పుడల్లా "ఆ రేడియేషన్‌కి జుట్టు ఊడిపోతుందంటగా?" అని టెన్షన్ పడుతుంది. తాత్కాలికంగా జుట్టు ఊడాలన్నా తల మీద ఒకేసారి 3 గ్రేల (ఒంట్లోకి దిగిన రేడియేషన్‌కి కొలత) దాకా పడాలి. ఒళ్లంతటికీ ఒక్కసారే 4 గ్రేలు పడితే, వైద్యం అందకపోతే సగం మంది రెండు నెలల్లోపే చనిపోతారు. అక్కడ ముందు దెబ్బతినేది ఎముకల్లోని మూలుగ. లింఫోసైట్లు ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతాయి, మిగతా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కొన్ని వారాల్లో. ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదంలో ఈ రేడియేషన్ జబ్బు 134 మందికి నిర్ధారణ అయింది, వాళ్లలో 28 మంది ఆ ఏడే పోయారు.

నా టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది) రిపోర్టు మూడు నెలలకోసారి వస్తుంది, 1 మిల్లీసీవర్ట్ (ఎక్స్‌రేకైతే సుమారు గ్రేలో వెయ్యో వంతు) కూడా దాటదు. మన దేశంలో మాలాంటి వాళ్లకి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఈ మోతాదుల్లో భయపడాల్సింది ఎప్పటికో రాగల క్యాన్సర్ గురించి. ఐసీఆర్‌పీ (రేడియేషన్ రక్షణ మీద సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) లెక్క సీవర్ట్‌కి సుమారు 5 శాతం, అంటే 1 మిల్లీసీవర్ట్‌కి ఇరవై వేలలో ఒక వంతు. చిన్నదే, కానీ రిటైరయ్యేదాకా కూడుతూ పోతుంది.

పెద్దవాళ్లలో పనిచేసే మూలుగ ఎక్కువగా కటి ఎముకల్లో, వెన్నులో, పక్కటెముకల్లో, రొమ్ము ఎముకలో ఉంటుంది. వెస్ట్, స్కర్ట్ కలిసి వాటన్నిటినీ చుట్టూ కప్పేస్తాయి. వెనక కూడా కప్పడం మాకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే ట్రాలీ నుంచి వైరు అందుకోవడానికి మాటిమాటికీ వెనక్కి తిరుగుతాం.

ఇక చంకల సంగతి. ఈ వెస్ట్ మగవాళ్ల కొలతలకి కుట్టింది. "యూనిసెక్స్" అంటారు. చెయ్యెత్తి సెలైన్ బాటిల్ మార్చినా, టేబుల్‌కి పక్కగా నిలబడి బెలూన్ అందించినా, చంక దగ్గర బెత్తెడు ఖాళీ తెరుచుకుంటుంది. అక్కడ ఉండేది రొమ్ము పైభాగం, బయటి వైపు. రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా మొదలయ్యే చోటు అదే. ఒళ్లంతటి డోసు లెక్కలో రొమ్ము వాటాని ఐసీఆర్‌పీ 2007లో 0.05 నుంచి 0.12కి పెంచింది, మూలుగకి ఇచ్చినంతే. మరి నా బ్యాడ్జి? అది ఏప్రాన్ లోపల, ఛాతీ మధ్యలో ఉంటుంది. చంకలోంచి దూరేది దానికి సరిగ్గా కనపడదు. రిపోర్టు బాగానే వస్తోంది కదా అని నేను నిశ్చింతగా లేనిది అందుకే. కంపెనీ వాళ్లని అడిగితే స్లీవ్ విడిగా కొనుక్కోమన్నారు. ఆడవాళ్ల కొలతలకి కుట్టేవాళ్లు ఉన్నారు, కాస్త ఎక్కువైనా అవే చూడండి. ట్రయల్ వేసేటప్పుడు అద్దం ముందు చెయ్యెత్తి పక్కకి తిరగండి.

కొత్తదైనా వాడే ముందు ఫ్లోరో (కదిలే బొమ్మలా చూపించే ఎక్స్‌రే) కింద పెట్టి చూశాను. ఆటోలో వదిలేస్తే ఏప్రాన్ మందానికి మెషిన్ కేవీ పెంచేస్తుంది, మాన్యువల్‌లో పెట్టుకోవాలి. షీట్ అంతా ఒకే రంగులో వచ్చింది. పక్కనే పాత ఏప్రాన్ కూడా పెడితే, మడత పెట్టిన చోట అడ్డంగా తెల్లటి గీత. పగులు. ఇన్నాళ్లూ దాన్ని కుర్చీ మీద మడిచి పడేసేవాళ్లం మరి. దాన్ని ఆ రోజే పక్కన పెట్టించాను.

వెల్‌క్రోకి నూలుపోగులు తెగ పట్టేస్తాయి, వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సిందే. చెమట వాసన మాత్రం తక్కువ, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది కళ్లకేమీ చేయదు, లెడ్ గ్లాసెస్ వేరే కొనుక్కోవాలి. థైరాయిడ్ కాలర్ (మెడకి కట్టుకునేది) ఫ్రీ అని బిల్లు మీద రాసిచ్చారు. ఇంకా రాలేదు, ఫోన్ చేస్తే "స్టాక్ లేదు మేడమ్" అంటున్నారు.