స్కూల్ మ్యాగజైన్ పనికి ఫోన్ కీబోర్డులోని తెలుగు మైకు: వాడి చూశాక నా అభిప్రాయం

చీరాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా బడి పత్రిక ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు నాడు, తెలుగు భాషా దినోత్సవం సభలో బయటికి వస్తుంది. ఈసారి పిల్లల వ్యాసాలు చాలావరకు ఫోనుతో మాట్లాడించి తయారు చేయించాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో కీబోర్డు మీద మైకు బొమ్మ ఉంటుంది కదా, అది నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి. ఆ సదుపాయం గురించే ఈ సమీక్ష. విడిగా కొనాల్సిన పని లేదు. కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి భాషల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. పత్రిక బాధ్యత నెత్తిన పడిన తోటి టీచర్లకీ, తెల్లకాగితం ముందు పెన్ను పట్టుకుని కూర్చుండిపోయే పిల్లలకీ ఇది పనికొస్తుందా అని అడిగితే, పనికొస్తుందనే చెబుతాను.

బడి పత్రికకి రాయమంటే మన పిల్లలు పరీక్షకి రాసినట్టు రాస్తారు. పరిచయం, విషయ విశ్లేషణ, ముగింపు, ప్రతి శీర్షిక కిందా స్కేలుతో గీత. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె చేనేత మీద వ్యాసం రాసి తెచ్చింది. "చేనేత మన సంస్కృతికి ప్రతీక" అని మొదలుపెట్టింది. 1905 నాటి స్వదేశీ ఉద్యమం గుర్తుగా 2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నామని రాసింది. అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి రాసింది. చివర్లో "కనుక మనమందరం చేనేత వస్త్రాలు ధరించాలి" అంది. ఒక్క తప్పు లేదు. కానీ ఆ పిల్ల ఇంట్లోనే నేలలో గుంట తవ్వి పెట్టే గుంట మగ్గం ఉంది. అమ్మమ్మ కండెలు (నేతకి దారం చుట్టే చిన్న గొట్టాలు) చుడుతుంది, తాత నేస్తాడు. ఆ మగ్గం ఆ రెండు పేజీల్లో ఎక్కడా కనపడలేదు.

ఆ కాగితం పక్కన పెట్టించి, లైబ్రరీ గదిలో ఆమెనీ ఆమె స్నేహితురాలినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. బళ్ళో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కాబట్టి నా ఫోనే ఇచ్చాను. స్నేహితురాలి పని ప్రశ్నలు అడగడం. "చేనేత గురించి చెప్పు" అని అడగొద్దన్నాను. "పొద్దున్నే మీ తాత మగ్గం దగ్గరికి వెళ్ళగానే మొట్టమొదట ఏం చేస్తాడు?" అలా అడగమన్నాను. కాసేపటికి ఫోనులో పడిన మాటలు ఇవి, అక్షరదోషాలు మాత్రం నేను దిద్దాను:

"మా అమ్మమ్మ కండెలు చుట్టేటప్పుడు టీవీ పెట్టనివ్వదు. రాట్నం చప్పుడు మారితే దారం తెగిందని తెలుస్తుందంట. టీవీ ఉంటే వినపడదంట. వానాకాలం మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి. తాత చెంబుతో తోడి పోస్తాడు, మళ్ళీ వస్తాయి. నేల ఆరేదాకా పని ఉండదు. వానొస్తే మాకు బడికి సెలవిస్తారు, మగ్గానికి కూడా సెలవే."

వ్యాసం ఇక్కడుంది. శీర్షిక కూడా ఇందులోనే దొరికింది: "వానొస్తే మగ్గానికీ సెలవే". ఆగస్టు 7 సంగతి తీసేయలేదు. తాత ఆ రోజు కూడా మగ్గం మీదే ఉన్నాడన్న వాక్యం పక్కనే దాన్ని చేర్చింది. అంతకుముందు విడిగా పడి ఉన్న తారీఖుకి అప్పుడు ఒక చోటు దొరికింది.

ఈ మైకు బలం ఇదే. పిల్లలు పెన్ను పట్టుకోగానే పాఠ్యపుస్తకం భాషలోకి వెళ్ళిపోతారు. నోటితో చెప్పేటప్పుడు తమ భాషలో ఉంటారు. మామూలు రికార్డరులో చెప్పించి ఎవరో ఒకరు విని రాయొచ్చు, కానీ నా అనుభవంలో అది సాగదు. ఇక్కడ మాట్లాడిన మాట అక్కడికక్కడే అక్షరమై కళ్ళముందు కనపడుతుంది. "నేను చెప్పింది రాతలో కూడా బాగుందే" అన్న ధైర్యం పిల్లకి వస్తుంది. వాడుకభాషలో రాయొచ్చని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా రాని నమ్మకం అది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు వారి పేరుతో సభ పెట్టుకునే బడిలో పిల్లలు ఇంకా "ధరించవలెను" అని రాస్తుంటే నాకు మనసుకి కష్టంగా ఉండేది.

ఇక లోపాలు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

పిల్ల ఆలోచించడానికి కాస్త ఆగితే మైకు ఆగిపోతుంది. మళ్ళీ నొక్కాలి. నెమ్మదిగా మాట్లాడే పిల్లలకి ఇది పెద్ద ఇబ్బంది. ఎక్కడ ఆగిపోతుందోనని కంగారుపడి ఏదో ఒకటి అనేస్తారు. అలాంటి వాళ్ళకి ముందు ఫోను లేకుండా ఒకసారి కథంతా చెప్పించి, రెండోసారి మైకు ముందు చెప్పించాను. చుక్కలు, కామాలు పడవు. పేజీ అంతా ఒకటే వాక్యంలా వస్తుంది. ఎక్కడ ఆపాలో పిల్లలే పైకి చదువుకుంటూ పెట్టుకోవాలి. నిజానికి అది మంచి అభ్యాసమే అయింది, ఊపిరి తీసుకున్న చోట చుక్క పెట్టమన్నాను. నెట్ సరిగా లేకపోతే మాటలు మింగేస్తుంది. పక్క క్లాసులో ఎక్కాలు చదువుతుంటే అవీ ఎక్కేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం వృత్తి మాటలు. పడుగు (మగ్గం మీద నిలువుగా పరిచే దారాలు) అంటే పొడుగు అని పడింది. కండెలు గంటలయ్యాయి. వ్యాసానికి ప్రాణం ఆ మాటల్లోనే ఉంటుంది, సరిగ్గా అక్కడే ఇది తడబడుతుంది. "మిషను తప్పు రాసింది, పోనీలే, దారం అని పెట్టేద్దాం" అని పిల్లలు సర్దుకుపోతారు. అక్కడ టీచరు గట్టిగా ఉండాలి. అలాంటి మాటల పట్టీ ముందే కాగితం మీద రాయించి, దాన్ని చూస్తూ దిద్దించండి.

అన్ని రకాల వ్యాసాలకీ ఇది పనికిరాదు కూడా. ఒక అబ్బాయి వేటపాలెం సారస్వత నికేతనం గురించి రాశాడు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఈ సంగతులు మాట్లాడితే వచ్చేవి కావు, వెళ్ళి చదివి నోట్సు రాసుకుంటే వచ్చేవి. అతను నోట్సుతో, పెన్నుతోనే రాశాడు, బాగా రాశాడు. సొంత అనుభవం, ఇంటర్వ్యూ, ఇంటి పెద్దల జ్ఞాపకాలు, ఊరి పని గురించిన వ్యాసాలు: వీటికి మైకు. సమాచార వ్యాసానికి గ్రంథాలయం.

ఇంకో జాగ్రత్త. మాట్లాడేటప్పుడు పిల్లలు ఇంటి సంగతులన్నీ చెప్పేస్తారు. మగ్గం వ్యాసంలో ఇంటి అప్పు ముచ్చట కూడా వచ్చింది. అచ్చుకి ఇచ్చే ముందు ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించమన్నాను. ఆ నాలుగు వాక్యాలు తీసేయమని అమ్మమ్మ అడిగింది, తీసేశాం. పిల్ల మరిచిపోయిన రంగుల అద్దకం కబురు ఒకటి ఆమే చేర్చింది. రాతపని ఇంకాస్త పెరిగినా ఈ మెట్టు మాత్రం వదలొద్దు.

అచ్చు దగ్గర కూడా ఒక చిక్కుంది. ఫోనులో పడేది యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. మన ఊళ్ళలో చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజీలు కడతాయి. ఫోను నుంచి పంపిన వ్యాసాన్ని అలాగే అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, కన్వర్టరులో మార్చుకోవాలి. మార్చాక ఒత్తులు, పొల్లులు మళ్ళీ చూసుకోవాలి. యూనికోడ్‌లోనే పేజీలు కట్టే షాపు దొరికితే నయం. మండలి లాంటి ఉచిత ఫాంటుతో అచ్చు చక్కగా వస్తుంది, చదవడానికి హాయిగా ఉంటుంది.

ఏఐని అడిగితే మొత్తం వ్యాసమే రాసిస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకని స్టాఫ్ రూములో ఒకరు అన్నారు. చేనేత మీద అడిగి చూశాను. మా అమ్మాయి మొదట తెచ్చిన రెండు పేజీల్లాంటివే వచ్చాయి, ఇంకాస్త నున్నగా. గుంటలో నీళ్ళు తోడే తాత అందులో లేడు. పత్రిక చేతికొచ్చాక మా ఊరి వాళ్ళు వెతుక్కునేది ఆ తాతనే.

నా మార్కులు పదికి ఏడు. పోయిన మూడింట్లో ఒకటి మధ్యలో ఆగిపోతున్నందుకు, రెండు వృత్తి మాటలు పట్టుకోలేనందుకు. ఆరు నుంచి పది తరగతుల దాకా ఎవరికైనా వాడొచ్చు. ఆరో తరగతి పిల్లల పక్కన మాత్రం ఒక పెద్ద క్లాసు పిల్ల ఉండాలి. ఏమైనా కొనదలిస్తే చొక్కాకి తగిలించుకునే చిన్న మైకు ఒకటి కొనండి, వరండా గోల తగ్గుతుంది. వ్యాసాలు జూన్ ఆఖరుకల్లా మాట్లాడించేయండి. దిద్దుబాటుకి, ఇంట్లో చదివి వినిపించడానికి, డీటీపీ వాళ్ళ చుట్టూ తిరగడానికి జులై అంతా కావాలి.