బెజవాడ నుంచి కేజీఎఫ్: గనికి ఒక పూట, కొండలకు రెండు రోజులు

సినిమా చూసి కర్ణాటకలోని కోలారు బంగారు గనులకు (కేజీఎఫ్) బయల్దేరేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. గనిలోకి దిగనివ్వరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక పంపులు ఆగిపోయి సొరంగాల్లో నీళ్లు నిండాయి. బయట మిగిలినవి తుప్పు పట్టిన ఇనుప గోపురాలు, గోడలు, కాపలా. ఊరు చూడటానికి ఒక పూట చాలు. మిగతా సమయం చుట్టూ ఉన్న కొండలకు, గుళ్లకు ఉంచుకుంటేనే అంత దూరం వెళ్లిన ఖర్చు గిట్టుబాటు.

బెజవాడ నుంచి రైలే నయం. రాత్రి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుపతి, కాట్పాడి, కుప్పం మీదుగా మర్నాడు పొద్దున బంగారపేటలో దిగొచ్చు. గుంటూరువాళ్లు తెనాలిలో ఎక్కాలి. నంద్యాల, ధర్మవరం దారిలో బెంగళూరు వెళ్లే బండ్లు బంగారపేటకు రావు, టికెట్ తీసేటప్పుడు పొరబడకండి. బంగారపేట నుంచి మారికుప్పం దాకా చిన్న రైలు దారి ఒకటుంది. 1894లో గనుల కోసమే వేశారు. కోరమాండల్, ఊర్గాం, ఛాంపియన్ అన్నీ దాని మీది స్టేషన్లే. కానీ ఆ బండ్లు బెంగళూరుకు ఉద్యోగాలకు వెళ్లొచ్చేవాళ్ల వేళల్ని బట్టి నడుస్తాయి: పొద్దున అటు, సాయంత్రం ఇటు. మనం దిగే వేళకు దొరక్కపోవచ్చు. స్టేషన్ బయట బస్సో ఆటోనో పట్టుకోండి, కేజీఎఫ్‌లో బజారు ఉండే రాబర్ట్‌సన్‌పేట పదిహేను కిలోమీటర్ల లోపే.

బస విషయంలో చాలామంది కేజీఎఫ్‌లోనే గది వెతుకుతారు. రాబర్ట్‌సన్‌పేటలో లాడ్జీలున్నాయి గానీ ఎక్కువగా పని మీద వచ్చే ఒంటరి మగవాళ్లకు సరిపోయేవే. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే 30 కిలోమీటర్ల దూరంలోని కోలారు పట్టణంలో దిగడం మేలు. హైవే ఊరు కాబట్టి హోటళ్లు ఎక్కువ, రెండో రోజు ఎక్కే అంతరగంగ కొండ పక్కనే. ఎక్కడ దిగినా డబ్బు కట్టే ముందు వేడినీళ్లు ఎన్ని గంటల దాకా ఇస్తారో అడగండి. ఈ ప్రాంతం సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు తెల్లవారుజామున మన కృష్ణా ఒడ్డు చలి దీని ముందు లెక్కలోకి రాదు. పల్చటి స్వెట్టర్ చాలదు.

ఊళ్లో భాష ఇబ్బంది లేదు. గనుల కాలనీల్లో తమిళం, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడం. ఆటో బేరం తెలుగులోనే సాగుతుంది. బేరమాడేటప్పుడు ‘కేజీఎఫ్ చూపించు’ అనొద్దు, సైనైడ్ దిబ్బ (గని వ్యర్థాల గుట్ట) దగ్గర దింపి వెనక్కి తెస్తారు. ఊర్గాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం అని పేర్లు పెట్టి అడగండి, ఆగి ఉండే సమయం కూడా కలిపి రేటు తేల్చుకోండి.

చూడాల్సింది ఆ చోట్ల మధ్య తేడాయే. ఊర్గాం వైపు దొరల బంగళాలు, 1885 నాటి క్లబ్బు. ఛాంపియన్ రీఫ్ వైపు కార్మికుల లైన్లు, ఒకదానికొకటి అంటుకున్న చిన్న ఇళ్లు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టాక ఊరు ఈ రెండు ముక్కలుగానే పెరిగింది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు తయారుచేసి ఇక్కడికి తీగలు లాగారు, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తర్వాతే. ఆ కరెంటుతో నడిచిన లిఫ్టుల్లో దిగినవాళ్లు ఛాంపియన్ రీఫ్‌లో దాదాపు 3.2 కిలోమీటర్ల లోతు దాకా వెళ్లారు. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటేది, ఒత్తిడికి రాళ్లు ఉన్నట్టుండి పేలేవి. ఆ లైన్లలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. ఫొటో తీసే ముందు అడగండి. చాలామంది మాట్లాడతారు, గనులు మూసేసిన ప్రభుత్వ కంపెనీ మీద కోపం కూడా చెప్తారు.

సైనైడ్ దిబ్బల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అవి కొండలు కావు. రాయిని పొడి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారం తీశాక పారబోసిన పిండి. మొత్తం 3 కోట్ల టన్నుల పైమాటే. షూటింగులు జరిగాయని జనం ఎక్కి సెల్ఫీలు దిగుతున్నారు. ఎండాకాలం గాలి లేస్తే ఆ దుమ్ము కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వానల తర్వాత అంచులు కోసుకుపోయి కాలు కింద జారిపోతాయి. రోడ్డు మీద నుంచి చూస్తే చాలు. పిల్లల్ని అసలు దించొద్దు, అక్కడి గుంటల్లో నీళ్లు ముట్టనివ్వొద్దు.

రెండో రోజు తెల్లారగానే అంతరగంగ. కోలారును ఆనుకున్న శతశృంగ కొండ మీద మెట్లెక్కితే కాశీ విశ్వేశ్వరుడి గుడి, నంది నోట్లోంచి పడే ఊట నీళ్లు. ఇంతవరకు ఎవరైనా ఎక్కగలరు. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంటే కోతులు వదలవు, తిండి బ్యాగులోపల పెట్టుకోండి. పైన బండరాళ్ల మధ్య గుహలకు వెళ్లాలంటే పట్టున్న బూట్లు, తలకు కట్టుకునే లైటు, దారి తెలిసిన మనిషి కావాలి. ట్రెక్కింగ్ అనుమతుల కోసం కర్ణాటక ఎకో టూరిజం వెబ్‌సైట్ ముందే చూడండి. కిందికి దిగాక కోలారమ్మ గుడి, సోమేశ్వరాలయం. తొందరలో ఒకటే చూడగలిగితే సోమేశ్వరాలయం కల్యాణ మండపం స్తంభాల కోసం అక్కడికే వెళ్లండి.

కేజీఎఫ్ దగ్గర్లోని కమ్మసంద్ర కోటిలింగేశ్వర ఆలయాన్ని మూడో రోజు పొద్దుటికి ఉంచుకోండి. 108 అడుగుల లింగం, 35 అడుగుల నంది, చుట్టూ లెక్కకు అందనన్ని చిన్న లింగాలు. శిల్పకళ ఆశించి వెళ్తే నిరాశే, ఆ పరిమాణమే అక్కడి విశేషం. చెప్పులు లేకుండా తిరగాలి కాబట్టి పదకొండు దాటితే అరికాళ్లు మాడతాయి. ప్రవేశానికి, బండి నిలపడానికి విడివిడిగా డబ్బు తీసుకుంటారు, చిల్లర ఉంచుకోండి. శివరాత్రికి మాత్రం వెళ్లొద్దు, దర్శనం కన్నా ట్రాఫిక్‌లోనే ఎక్కువసేపు ఉంటారు.

తిండికి రాబర్ట్‌సన్‌పేటలో తమిళ టిఫిన్లు బాగుంటాయి. బంగారపేటలో పానీపూరీ వదలకండి. పానీ మంచినీళ్లలా తేటగా కనిపిస్తుంది, కారం గుంటూరువాళ్లకు కూడా తెలుస్తుంది.

తిరుగు శేషాద్రి బంగారపేటకు మధ్యాహ్నం వస్తుంది, బెజవాడ చేరేసరికి అర్ధరాత్రి దాటొచ్చు. వేళలు బుకింగ్ రోజే సరిచూసుకోండి. కారులో వచ్చినవాళ్లు ముళబాగిలు మీదుగా వెళ్తూ ఆవని రామలింగేశ్వరం, కురుడుమలె వినాయకుణ్ణి చూసుకోవచ్చు. రెండూ హైవేకు దగ్గరే. అయితే పలమనేరు దాటాక మొగిలి ఘాట్ వస్తుంది, లోడు లారీలు బ్రేకులు పట్టక ప్రమాదాలు జరిగే దిగుడు అది. వెలుతురుండగానే దాటేలా ముళబాగిలులో మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరండి.