నల్లటి పెళ్లికూతురికి నమూనా ఫొటో ఏది? బ్రైడల్ పేజీలు, కేటలాగులు ఏళ్లపాటు వాడాక

గోదావరి జిల్లాల్లో పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం నా పని. పదేళ్లు దాటింది. ఈ పనిలో బ్రష్‌లు, ఫౌండేషన్లతో సమానంగా రోజూ వాడేది ఇంకొకటుంది, ఫొటోలు. ఇన్‌స్టాగ్రామ్‌లో బ్రైడల్ పేజీలు, పెళ్లిళ్ల వెబ్‌సైట్లు, నగల షాపుల కేటలాగులు, పట్టుచీరల ప్రకటనలు, పత్రికల పెళ్లి ప్రత్యేక సంచికలు అన్నీ ఇందులోకే వస్తాయి. పెళ్లికూతురూ వాళ్లమ్మా వచ్చి కూర్చోగానే ముందు బయటికి తీసేది ఫోనే. "ఇలా కావాలక్కా" అని ఒక ఫొటో చూపిస్తారు. ఇక మాటలన్నీ ఆ ఫొటో చుట్టూనే. అందుకే వీటిని కూడా ఒక పనిముట్టుగానే తీసుకుని, ఇన్నేళ్ల వాడకంలో ఎంతవరకు పనికొచ్చాయో రాస్తున్నాను.

చీరకట్టు, జడ, నగల జత. ఈ మూడింటికీ వీటిని మించిన సాయం లేదు. కుచ్చిళ్లు ముందురోజే పెట్టి ఇస్త్రీ చేసి ఉంచుకోవడం చిన్న ఊళ్లదాకా వచ్చిందంటే ఈ పేజీల పుణ్యమే. పూలజడలో కనకాంబరాల పక్కన ఏ పూలు పెట్టాలి, పొట్టిగా ఉన్న అమ్మాయికి వడ్డాణం ఎంత వెడల్పుంటే బాగుంటుంది, కాసులపేరు మీదికి ఇంకో హారం వేయాలా వద్దా లాంటివన్నీ ఫొటో చూసి ఇట్టే తేల్చుకోవచ్చు. ఇక్కడ నాకు ఏ ఫిర్యాదూ లేదు.

చర్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇవి చేతులెత్తేస్తాయి. నా కుర్చీలో కూర్చునే అమ్మాయిల్లో ఎక్కువమంది చామనఛాయ వాళ్లు, నల్లగా ఉన్నవాళ్లు. నా ఫోన్లో దాచుకున్న ఫొటోల్లో తెల్లటి అమ్మాయిలు ఎంతమందైనా దొరుకుతారు. ముదురు రంగు పెళ్లికూతురు కావాలంటే గంటసేపు వెతకాలి. దొరికిన ఆ కొద్దిమంది కూడా ఎలా కనిపిస్తారో చూడండి. పక్కన 'డస్కీ బ్రైడ్' అని ప్రత్యేకంగా ఒక ట్యాగ్ ఉంటుంది. 'నలుపూ అందమే' అని కింద ఒక వాక్యం ఉంటుంది. తెల్లటి అమ్మాయి ఫొటో కింద చీర పేరు, నగల పేరు రాస్తారు, ఆమె రంగు గురించి ఎవరూ ఏమీ రాయరు. పైగా ఆ ముదురు రంగు అమ్మాయి ఎప్పుడూ సన్నటి ముక్కు, పొడవాటి మెడ ఉన్న మోడలే అయి ఉంటుంది. బొద్దుగా, గుండ్రటి ముఖంతో, బుగ్గల మీద మొటిమల మచ్చలతో ఉండే మన పక్కింటి అమ్మాయి ఆ పేజీల్లోకి రానే రాదు.

చూసే వాళ్లకు ఇది మనసు బాధపడే విషయం. నాకైతే అది కాక పని చెడే విషయం కూడా. తెల్లటి ముఖం మీద బాగున్న లేత గులాబీ రంగు బ్లష్ ముదురు చర్మం మీద సున్నం పూసినట్టు తేలుతుంది. మెరూన్ బొట్టు నల్లటి నుదుటి మీద రెండు అడుగుల దూరం నుంచి కనపడదు. అదే మంచి ఎర్రటి కల్యాణ తిలకం దిద్దితే మండపం చివర కూర్చున్న వాళ్లకు కూడా కనిపిస్తుంది. మెరుపు తగ్గించిన యాంటిక్ నగలు ఇప్పుడు ఫ్యాషన్, కానీ ముదురు మెడ మీద పచ్చగా మెరిసే మామూలు బంగారమే ఎక్కువ నిండుగా ఉంటుందని నా అభిప్రాయం. ఆవపిండి రంగు చీర, నల్లటి చర్మం, పాదాలకు ఎర్రటి పారాణి. ఇంత మంచి జత ఇంకొకటి నేను చూడలేదు. ఇవేవీ నాకు ఏ పేజీ నేర్పలేదు. చేస్తూ చేస్తూ తెలుసుకోవాల్సి వచ్చింది.

నేను మేకప్ నేర్చుకున్న చోట పెళ్లికూతురికి ఒంటి రంగు కంటే ఒకటి రెండు షేడ్లు తెల్లగా ఫౌండేషన్ వేయాలని చెప్పేవారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే నేర్పుతున్నారు. ముఖానికి సరే, మరి చేతులో? తెలుగు పెళ్లిలో అందరూ దాచుకునే ఫొటోలు రెండు. జీలకర్ర-బెల్లం ఒకటి, తలంబ్రాలు ఒకటి. రెండింట్లోనూ అమ్మాయి చెయ్యి పైకి లేచి ముఖం పక్కకు వస్తుంది. ముఖం ఒక రంగు, చెయ్యి ఇంకో రంగు. ఎంత ఖరీదైన మేకప్ అయినా ఆ క్షణంలో దొరికిపోతుంది. అప్పుడు చేతులకు కూడా పూస్తారు. అది మధుపర్కాల మీద అంటుకుంటుంది, చెమటకు మోచేతుల దగ్గర చారలు కడుతుంది. అర్ధరాత్రి ముహూర్తం, మే నెల ఉక్క, పక్కనే హోమం. ఇన్నింటి మధ్య ఒంటి రంగు కాని రంగును నాలుగు గంటలు నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక కెమెరా. మధుపర్కాలు తెల్లటివి. ఫ్రేములో సగానికి పైగా తెలుపు ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువుందని లెక్క వేసుకుని ఫొటోను చీకటి చేస్తుంది, ఎందుకంటే వెలుతురును కొలిచే దాని మీటరు ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. నల్లటి ముఖం ఇంకా నల్లబడి, కళ్లు, ముక్కు గీతలు కలిసిపోతాయి. పని తెలిసిన ఫొటోగ్రాఫర్ ముఖం మీది వెలుతురునే కొలిచి, లైటు ఎదురుగా కాకుండా కాస్త పక్క నుంచి పెడతాడు. పక్క నుంచి పడిన వెలుతురుకు ముదురు చర్మం మీద బుగ్గ ఎముక, ముక్కు, గడ్డం ఒక్కొక్కటిగా మెరుస్తాయి. ఓపిక లేనివాడు కెమెరా మీదే ఫ్లాష్ కొట్టి, తర్వాత కంప్యూటర్లో ముఖాన్ని తెల్లగా లాగుతాడు. అలా లాగినప్పుడు వచ్చేది తెలుపు కాదు, బూడిద రంగు.

ఈ సమస్య ఇప్పటిది కూడా కాదు. ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ఒక నమూనా ఫొటో పంపేది. దాన్ని షర్లీ కార్డ్ అనేవారు. దాని మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ ఫొటోనే ఉండేది. ఆమె రంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. గోధుమ రంగు ఛాయలు సరిగా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు ఫిర్యాదు చేశాక గానీ ఫిల్ములో ఆ లోపం మీద గట్టిగా పని జరగలేదు. వేర్వేరు రంగుల మనుషులతో కార్డు 1990ల్లో వచ్చింది. బల్లలకు, చాక్లెట్లకు దొరికిన శ్రద్ధ మనుషులకు అంత ఆలస్యంగా దొరికిందని చదివిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. మా అమ్మ తరం పెళ్లి ఫొటోల్లో నల్లటి ఆడవాళ్ల ముఖాలు ఎందుకలా మసకగా ఉంటాయో కూడా అప్పుడే అర్థమైంది.

నా దగ్గర మేకప్ చేయించుకున్న ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఆమెకు అచ్చంగా వాళ్ల నాన్న రంగు. అదే నలుపు, అదే నిగనిగ. ఆ రంగుకే నేను మేకప్ చేశాను, పెళ్లిలో బంధువులంతా మెచ్చుకున్నారు. తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే కన్యాదానం ఫొటోలో నాన్న ఒక రంగు, కూతురు ఒక రంగు. ఆమె ముఖాన్ని స్టూడియోవాళ్లు అడగకుండానే తెల్లగా చేశారు. తండ్రీకూతుళ్ల పోలికే ఫొటోలోంచి పోయింది. మళ్లీ చేసి ఇమ్మని అడిగితే, "తెల్లగా చేశామని గొడవ పెట్టుకునే వాళ్లను మొదటిసారి చూస్తున్నాం" అన్నారట. ఆ స్టూడియోవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. వాళ్ల కంప్యూటర్లో నమూనాగా పెట్టుకున్న ఫొటోలన్నీ ఆ పేజీలవే. వాటికి దగ్గరగా తేవడమే మంచి పని అనుకున్నారు.

తల్లుల సంగతీ అంతే. "కాస్త తెల్లగా వచ్చేట్టు చూడమ్మా, అబ్బాయి తరఫు వాళ్లు ఏమంటారో" అని నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెబుతారు. వాళ్లను తప్పుపట్టడం నాకు రాదు. సంబంధాల వేటలో ఎన్ని మాటలు పడితే ఆ టెన్షన్ వస్తుంది! పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో ఒంటి రంగు అని ఒక గడి ఉండేది. దాని మీద 2020 జూన్‌లో ఉత్తర అమెరికాలోని దక్షిణాసియా మహిళలు గొంతెత్తి, ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరిస్తే షాదీ డాట్ కామ్ ఆ రంగుల వడపోతను తీసేసింది. అదే నెలలో హిందుస్థాన్ యూనిలీవర్ తన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ క్రీము 1975 నుంచి మన ఇళ్లలో ఉంది. ముదురు రంగు వాళ్లు పెళ్లి విషయంలో వెనకబడినట్టు ప్రకటనల్లో చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ నల్లటి అమ్మాయిని కించపరచకూడదనే నియమం ఆమెను పెళ్లికూతురిగా చూపించేలా చేయలేదు. ఎగతాళి తగ్గింది, ఖాళీ అలాగే ఉంది.

ఆ ఖాళీలో నాకు గుర్తుండిపోయింది 2013లో వచ్చిన తనిష్క్ ప్రకటన. ముదురు రంగు అమ్మాయి, ఆమెకో చిన్న కూతురు, జరిగేది రెండో పెళ్లి. ఎవరూ ఆమె రంగు గురించి మాట్లాడరు, ఆమెను ఓదార్చరు. నగలు పెట్టుకుని, నవ్వుతూ, కూతుర్ని కూడా తీసుకుని ఏడడుగులు నడుస్తుంది. గౌరీ షిండే తీశారు, ప్రియాంకా బోస్ నటించారు. ఇన్నేళ్లయినా నా దగ్గరికి వచ్చే అమ్మాయిలకు చూపించడానికి నేను వెతికేది దాన్నే. పదేళ్లకు పైగా పాత ప్రకటన ఇంకా చూపించాల్సి రావడమే నా బాధ. భారతంలో ద్రౌపదిది నల్లని మేను, ఆమెకు కృష్ణ అనే పేరు అందుకే. ఆమె స్వయంవరానికి ఎక్కడెక్కడి రాజులో వచ్చారు. మనం టీవీలో, క్యాలెండర్లలో చూసే ద్రౌపది మాత్రం తెల్లగానే ఉంటుంది.

అమెరికా నుంచి పెళ్లికి వచ్చే తెలుగు అమ్మాయిలది ఇంకో రకం. అక్కడి పెళ్లి పత్రికలు చాలాకాలం తెల్లజాతి పెళ్లికూతుళ్లతోనే నిండి ఉండేవి. అది భరించలేక నల్లజాతి మహిళలు సొంతంగా పెట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. 2010లో మొదలైన మునలూచీ బ్రైడ్ అలాంటిదే. టెక్సస్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాకు చూపించిన ఫొటోలు అలాంటి పత్రికల్లోవి. పెళ్లికూతుళ్లు వేరే దేశం వాళ్లు, బట్టలు వేరు, కానీ చర్మం మీద వెలుతురు ఎలా పడాలో, లిప్‌స్టిక్ ఎంత ముదురుగా వేయొచ్చో మన బ్రైడల్ పేజీల కంటే అక్కడే బాగా తెలిసింది. మన అమ్మాయికి నమూనా కోసం సముద్రాలు దాటి వెళ్లాల్సి రావడం నాకు నచ్చలేదు. అయినా ఆ ఫొటోలు దాచుకున్నాను.

సామాన్లు మాత్రం మారాయి, అది ఒప్పుకోవాలి. 2017లో గాయని రిహానా మేకప్ కంపెనీ ఫెంటీ బ్యూటీ 40 ఫౌండేషన్ షేడ్లతో మొదలైనప్పటి నుంచి చాలా పెద్ద కంపెనీలు ముదురు షేడ్లు పెంచుతూ వచ్చాయి. మన ఊళ్ల షాపుల్లో ఇప్పటికీ ఆ ముదురు సీసాలు అరుదు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. ఫోన్లలో 2021లో గూగుల్ పిక్సెల్ 6తో 'రియల్ టోన్' అని రకరకాల చర్మపు రంగులకు సరిపోయే ఏర్పాటు తెచ్చింది. మిగతా చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ పని మాత్రం ఇప్పటికీ తెల్లబరచడమే. పెళ్లికి ముందు ఒకసారి మేకప్ వేసి చూసే ట్రయల్ రోజున ఫొటో తీసే ముందు నేను చేసే మొదటి పని దాన్ని ఆపేయడం.

పెళ్లి కుదిరిన అమ్మాయిలకు, వాళ్ల అమ్మలకు నేను చెప్పేది ఇది. చీరకు, జడకు, నగలకు ఆ పేజీలు హాయిగా చూసుకోండి. ముఖానికి మాత్రం చూడకండి. మీ రంగున్న అక్కో, పిన్నో, అత్తో పెళ్లిలో బాగా కనిపించిన ఫొటో ఉంటే అది తెచ్చి మేకప్ చేసేవాళ్లకు ఇవ్వండి. ట్రయల్ రోజున ముఖం, మెడ, చేతులు మూడూ కలిసి వచ్చేలా పగటి వెలుతురులో ఒక ఫొటో, ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయించుకోండి. ఫ్లాష్ ఫొటోలో కళ్ల కింద తెల్లగా తేలితే పౌడరు మార్చమనండి. ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ రంగు పెళ్లికూతురి ఫొటోలు, ఎడిటింగ్ చేయనివి, నాలుగైనా చూపించమని అడగండి. మధుపర్కాల్లో ఉన్నవైతే ఇంకా మంచిది. అలాంటివి లేవంటే ఇంకొకరిని చూసుకోండి. రంగు మార్చకూడదని ఒప్పంద పత్రంలోనే రాయించండి. నేను ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన అమ్మాయిల్లో ఒప్పుకున్న వాళ్ల ఫొటోలు, రంగు మార్చనివి, వేరుగా ఒక ఆల్బమ్ చేసి పెడుతున్నాను. వచ్చిన వాళ్లకు ముందు అదే చూపిస్తున్నాను.