ఉమ్రా: ముందు మక్కానా, మదీనానా?

ఉమ్రాకు, అంటే ఏడాదిలో ఎప్పుడైనా చేసే మక్కా యాత్రకు, బయల్దేరే బెజవాడ జంటకు శంషాబాద్ చేరడానికే రోడ్డున ఐదారు గంటలు. అలసట అక్కడే మొదలు.

మక్కా ముందైతే: విమానం ఎక్కేముందే భర్త ఇహ్రాం (యాత్ర దీక్షకు మగవాళ్లు కట్టే కుట్టని బట్టలు) కట్టుకోవడం మేలు, మీఖాత్ (దీక్ష లేకుండా దాటకూడని హద్దు) గాల్లోనే దాటిపోతుంది. ఆ బట్టలు చెకిన్ పెట్టెలో పడేసి, మక్కాకు దగ్గర్లో విమానం దిగే జిద్దాలో చూద్దామనుకుంటే దమ్ పడుతుంది, అంటే పరిహారంగా గొర్రె ఖుర్బానీ. దిగాక ఏడు చుట్ల తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ), మూడు కిలోమీటర్ల సయీ (సఫా, మర్వా గుట్టల మధ్య నడక).

మదీనా ముందైతే: మామూలు బట్టల్లో ప్రయాణం. ఖుబా మసీదు, ఉహుద్ కొండ నింపాదిగా చూడొచ్చు. ప్రవక్త మసీదులోని రియాజుల్ జన్నా అనే చోటుకు సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో ఇద్దరికీ వేరే పర్మిట్లు, వేరే వేళలు. ఇహ్రాం మదీనా దగ్గరి మీఖాత్ జుల్ హులైఫాలో. మక్కాకు 450 కిలోమీటర్లు: రైలైతే రెండున్నర గంటలు, బస్సైతే ఐదారు.

మొదటి రోజుల్లో ఆమెకు నెలసరి వచ్చేలా ఉంటే మదీనాయే ముందు. తవాఫ్‌కు శుద్ధి తప్పదు. సత్తువుండి, జిద్దా టికెట్ చవగ్గా దొరికితే మక్కా.