ఇంట్లో చదువుకు ఏ చోటు మేలు: పడకగదా, భోజనాల బల్లా, డాబానా?

పిల్లలు పదో తరగతికి రాగానే చాలా ఇళ్లలో ముందుగా జరిగే ఏర్పాటు ఒకటుంది. పడకగదిలో ఓ మూల బల్ల, కుర్చీ వేసి, తలుపు దగ్గరగా లాగి, ‘ఇక నిన్నెవరూ కదిలించరు, చదువుకో’ అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ రెండు పడకగదుల ఇంట్లో నా ఓటు ఆ గదికి కాదు, హాల్లోని భోజనాల బల్లకే.

పడకగదిలో బల్ల పక్కనే మంచం ఉంటుంది. చూస్తుండగానే పుస్తకం బల్ల మీది నుంచి దిండు మీదికి చేరుతుంది. బోర్లా పడుకుని రాస్తే మోచేతులు, మెడ లాగేస్తాయి. గోడకు చేరగిలబడితే తల ముందుకు వాలిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు నిద్రతో. నిద్ర పట్టనివారు మంచాన్ని నిద్రకే కేటాయించాలనీ, దాని మీద చదవడం, టీవీ చూడడం మానుకోవాలనీ 1972లోనే రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సూచించారు. నిద్రలేమి చికిత్సలో ఇప్పటికీ ఆ పద్ధతి వాడుతున్నారు. పరీక్షల బెంగ ఉన్న పిల్లవాడు రాత్రి పది దాకా సామాన్యశాస్త్రంతో కుస్తీ పట్టిన పరుపు మీదే వెంటనే నిద్రపోవాలంటే ఎలా? పైగా ఆ గది పై అంతస్తులో, పడమటి గోడతో ఉంటే మార్చి సాయంత్రాల్లో లోపల కూర్చోవడమే కష్టం. పగలంతా ఎండను తాగిన శ్లాబు, పొద్దు గుంకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది.

భోజనాల బల్ల ఎత్తు సాధారణంగా 30 అంగుళాలు ఉంటుంది. రాసుకోవడానికి అది సరైన ఎత్తే. పాఠ్యపుస్తకం, నోటు పుస్తకం, జామెట్రీ పెట్టె మూడూ ఒకేసారి పరుచుకోవచ్చు. లెక్కలు చేసేవారికి ఈ చోటు ఎంత అవసరమో, ఇరుకు బల్ల మీద వృత్తలేఖినితో గీసినవారికి తెలుసు. అయితే కుర్చీ సంగతి చూసుకోవాలి. కూర్చునే చోటికీ బల్ల పై అంచుకూ మధ్య దాదాపు 12 అంగుళాల ఎడం ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ తక్కువ ఎత్తుదైతే భుజాలు పైకి లేచి, గంటకే నొప్పి పుడుతుంది. ఒక దుప్పటి మడతపెట్టి వేస్తే సరిపోతుంది. అప్పుడు పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేయండి.

దీపం ఎటు ఉందో కూడా చూడండి. కాగితం మీద కలం పెట్టి చూస్తే చాలు, రాస్తున్న అక్షరం మీదే చేతి నీడ పడుతుంటే కుర్చీ దిశ మార్చాలి. కుడిచేతి వాటం వారికి వెలుగు ఎడమవైపు నుంచి రావాలి, ఎడమచేతి వాటం వారికి కుడివైపు నుంచి.

హాల్లో చప్పుడు ఉంటుంది కదా అంటారు. నిజమే. కానీ చప్పుళ్లన్నీ ఒకటి కావు. ఫ్యాను హోరుకు చెవి అలవాటుపడుతుంది, మిక్సీ రొద రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. బట్టీ పట్టేవారికి అసలు శత్రువు మనుషుల మాట. సీరియల్ సంభాషణలు వినిపిస్తుంటే పద్యం నోటికి రాదు, వద్దనుకున్నా మనసు ఆ మాటల వెంటే పోతుంది. అందుకే ఈ కొన్ని నెలలు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా టీవీ కట్టేయాల్సింది పెద్దలే. పిల్లను గదిలో పెట్టి తలుపు మూసి, బయట మనం టీవీ ముందు కూర్చోవడం నాకు బొత్తిగా న్యాయంగా అనిపించదు. అమ్మో, నాన్నో పక్కనే ఏదో పని చేసుకుంటూ ఉంటే పిల్లలకు అదో ధైర్యం. ఫోను చేతిలోకి రావడమూ తగ్గుతుంది.

బల్లే లేని ఇళ్లూ ఎన్నో ఉన్నాయి. అక్కడ చాప, వీపుకు గోడ, ఎదురుగా వాలుగా ఉండే చిన్న రాత పీట పెట్టుకుంటే మంచం కన్నా ఎన్నో రెట్లు నయం. గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే కాళ్లు తిమ్మిరెక్కవు.

ఇక డాబా. రాత్రిపూట దోమలు, చాలని వెలుతురు, గాలికి తిరిగిపోయే పేజీలు, కాబట్టి రాతపనికి పనికిరాదు. తెల్లవారాక ఎండ ఎక్కే లోపు మాత్రం దానికి సాటి లేదు. పద్యాలు, నిర్వచనాలు, సాంఘికశాస్త్రంలోని తేదీలు అటూ ఇటూ నడుస్తూ పైకి చదువుకోవచ్చు. చోటు మారితే మరిచిపోతారన్న భయం అక్కర్లేదు. 1978లో స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ అనే పరిశోధకులు ఒకే పదాల జాబితాను కొందరితో ఒకే గదిలో రెండుసార్లు, మరికొందరితో రెండు వేర్వేరు గదుల్లో చదివించారు. రెండు గదుల్లో చదివినవారికే ఎక్కువ పదాలు గుర్తున్నాయి. డాబా లేని అపార్టుమెంట్లలో బాల్కనీ చాలు.

అందుకని నేనైతే తెల్లవారాక డాబా, సాయంత్రం భోజనాల బల్ల అంటాను, పడకగదిని పడకకే వదిలేస్తాను. రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్ష ఉదయం 9:30కే మొదలవుతుంది. కాబట్టి ఫిబ్రవరి నుంచి ఆదివారాల్లో అదే వేళకు ఆ బల్ల మీదే మాదిరి ప్రశ్నపత్రం పెట్టి, మూడు గంటలు లేవకుండా రాయించండి. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ టిఫిను తొమ్మిదికే ముగించి బల్ల ఖాళీ చేయాలి.